ఉప్పు మూట, డబుల్ బ్యారెల్

మా బాపుకు ఇద్దరు కొడుకులు. పెద్దది ట్వెల్వ్ బోర్ డబుల్ బ్యారెల్ తుపాకీ, చిన్నవాణ్ణి నేను.

ములుగు దిక్కు మా మక్క చేన్లో అడవిపందులు పడి తింటున్న రోజుల్లో దానికి లైసెన్స్ తీసుకున్నాడు. చేను కౌలుకిచ్చి హనుమకొండలో ఇల్లు కట్టుకున్నాక పందులు అక్కడే ఉండిపోయాయి, తుపాకీ మాత్రం మాతో వచ్చింది. ఇప్పుడు అది గడప దాటేది ఎలక్షన్లప్పుడే. కోడ్ రాగానే బాపు దాన్ని స్టేషన్‌లో డిపాజిట్ చేసి, ఆ రసీదును నా పదో తరగతి మెమో కంటే భద్రంగా దాచుకుంటాడు.

మొన్న జులైలో ముసురు పట్టింది. బట్టలు ఆరవు, తలుపులు ఉబ్బి మూసుకోవు, అప్పడాలు తుంచితే విరగకుండా వంగుతున్నాయి. బాపుకు టెన్షన్ మొదలైంది.

"తుపాకికి చెమ్మ పడుతదిరా. ఇంజినీరింగు సదివితివి గదా, ఏమన్న ఉపాయం జెప్పు."

అప్పుడే వంటింట్లో ఉప్పు డబ్బా నా కంటబడింది. లోపల అంతా తడితడి. అంటే ఉప్పు గాలిలోని తేమను లాగుతోందన్నమాట! ఇంట్లోనే ఇంత శాస్త్రం పెట్టుకుని బజారుకు పోవడమెందుకు? అర కిలో కల్లుప్పు పాత పంచె ముక్కలో మూట కట్టాను. బాపు బీరువా తెరిచి, తుపాకీకి సరిగ్గా పైన, గుమ్మానికి దిష్టి గుమ్మడికాయ కట్టినంత శ్రద్ధగా దాన్ని వేలాడదీశాడు. తుపాకీ అయితే స్పాంజి కుట్టిన రెగ్జిన్ కవర్లో, జిప్పు పూర్తిగా లాగి, హాయిగా పడుకుని ఉంది.

పది రోజులకు బీరువా తెరిస్తే మూట చిక్కిపోయింది. ఉప్పు సగం లేదు. ఎటు పోయిందో కవర్ ముట్టుకుంటే తెలిసింది. కారిన నీళ్లన్నీ స్పాంజి తాగింది. జిప్పు తీస్తే బ్యారెల్ మీద చింతపండు రంగు మచ్చలు. తేమను లాగుతుందని లెక్కేశాను గానీ, లాగిన నీళ్లు ఎటు పోతాయో లెక్కేయలేదు.

బాపు తిట్టలేదు. మూటను చూశాడు, తుపాకీని చూశాడు, నన్ను చూశాడు. (తూటాలు వేరే తాళంలో ఉంటాయి కాబట్టి ఈ ముచ్చట రాయగలుగుతున్నాను.)

"తుపాకిని తొక్కు వెట్టినవు గదరా!" అన్నాడు.

మరమ్మతు చేసే పెద్దాయన కథంతా విని ముందు కడుపుబ్బ నవ్వాడు, తర్వాత పాఠం చెప్పాడు. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు తనే కరిగి నీళ్లవుతుందట. వానాకాలంలో మన దగ్గర అది దాటడం ఎంతసేపు? ఉక్కుకు వాననీళ్ల కంటే ఆ ఉప్పునీళ్లే పెద్ద గండం. చేతి చెమటలోనూ ఉప్పే ఉంటుంది కాబట్టి ముట్టుకున్న ప్రతిసారీ నూనె గుడ్డతో తుడవాలి. కవర్ ఉన్నది మోసుకుపోవడానికి, దాచడానికి కాదు. బీరువాలో తేమ 50 శాతం దగ్గర ఉండాలి. 60 దాటితే తుప్పుకు పండగ, మరీ 40 కిందికి దిగితే వెనక కర్ర బట్ పగలొచ్చు. బాపు ఇదంతా డాక్టరు చీటీలా రాసుకున్నాడు.

తేమ చూపే చిన్న మీటరు, సిలికా జెల్ కొన్నాం. తేమ పీల్చి గులాబీ రంగుకు తిరిగే నీలం గుళికల్లో కోబాల్ట్ ఉంటుందని, అది ఒంటికి మంచిది కాదని, ఆకుపచ్చకు తిరిగే నారింజవి తెచ్చాం. రంగు మారితే వేడి చేసి మళ్లీ వాడుకోవచ్చు. అది వినగానే అమ్మ తన మూకుళ్లన్నీ లెక్కపెట్టుకుంది. "గా సగ్గుబియ్యం నా పొయ్యి మీదికి వస్తే మంచిగుండదు" అంది. వాటికోసం వేరే పొయ్యి, వేరే మూకుడు కొనాల్సి వచ్చింది.

మీటరు 48 దగ్గర నిలబడింది. బాపు పొద్దున లేవగానే బీపీ మాత్ర కంటే ముందు దాన్ని చూస్తాడు. నిన్న చూస్తే 56.

"ఎవడ్రా బీరువా ముట్టింది?" అని ఇల్లు ఎగిరిపోయేలా అరిచాడు. వెతికితే తుపాకీ వెనక ఒక గుడ్డ సంచి. అందులో అప్పడాలు.

"ఇంట్ల గంత పొడిజాగ ఇంకేడుంది? నువ్వు మొన్న అద్దాలు తెచ్చుకుంటందుకు పోతివి, గప్పుడు వెట్టిన" అంది అమ్మ, ఏ తప్పూ చేయనట్టు.

బాపు ఒక అప్పడం తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, మెల్లగా నా వైపు తిరిగాడు.

"దీంట్ల ఉప్పెంతుంటదిరా?"