పదవి చెల్లదు, సంతకం చెల్లుతుంది

నా పేరులో చిన్న తేడా ఉంది. ఒక కాగితంలో ‘వెంకట’ అని నిండుగా, ఇంకో కాగితంలో ‘వి’ అని పొడిగా. ఈ మధ్య ఒక ఆఫీసులో దరఖాస్తు ఇస్తే గుమస్తాగారు రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి, కళ్లజోడు నుదుటి మీదకి నెట్టి, వేలు పెట్టి అక్షరం అక్షరం కూడబలుక్కుని, “ముందు మీరు మీరేనని తేలాలండీ. మిగతావి తర్వాత” అన్నారు. నాకు కోపం రాలేదు, గౌరవం కలిగింది. అర్హత అంటే ఇంత పట్టింపు ఉందన్నమాట అనుకున్నాను.

ఇంటికొచ్చాక డౌటొచ్చింది. కుర్చీ ఎక్కి కూర్చున్న నాయకుడికే అర్హత లేదని తీరిగ్గా తేలితే? ఆయన సంతకం పెట్టిన జీవోలు, వేసిన పోస్టింగులు, కత్తిరించిన రిబ్బన్లు ఏమైపోవాలి?

రెండు రోజులు కూర్చుని చదివాను. ఏమీ అయిపోవు.

ఈ ‘ఏమీ అయిపోవు’కి న్యాయశాస్త్రంలో డీ ఫ్యాక్టో (అంటే చట్టం ఒప్పినా ఒప్పకపోయినా, వాస్తవంలో) సిద్ధాంతం అని పెద్దమనిషి తరహా పేరు ఉంది. హిందూ వివాహ చట్టం 16వ సెక్షన్ తెలిసినవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. చెల్లని పెళ్లి చెల్లనిదే, అయినా ఆ పెళ్లికి పుట్టిన పిల్లలు సక్రమ సంతానమే. ఇక్కడా అంతే. ప్రమాణ స్వీకారం రద్దయినా సంతకాలు సక్రమ సంతానం. పెద్దవాళ్లు చేసినదానికి పసి ఫైళ్లేం చేశాయి పాపం?

దీని మూలాలు వెతుకుతూ లాయర్లు 1431 నాటి ఇంగ్లండు దాకా వెళ్తారు. పదవి నిలవని ఒక మఠాధిపతి రాసిచ్చిన పత్రం మఠాన్ని కట్టిపడేస్తుందా అని అప్పట్లో తగవు. మనకు అంత దూరం అక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్‌లో కొందరు సెషన్స్ జడ్జిల నియామకాలే చెల్లవని తేలినప్పుడు, మరి వాళ్లు చెప్పిన తీర్పుల సంగతేమిటని గోకరాజు రంగరాజు కేసు సుప్రీంకోర్టుకెళ్లింది. 1981లో జస్టిస్ చిన్నప్పరెడ్డి తేల్చేశారు: జడ్జి పదవి నిలవకపోయినా తీర్పు నిలుస్తుంది. షరతు ఒక్కటే, దొడ్డిదారిన దూరినవాడు కాకూడదు. అధికారం ఉన్నట్టే అందరికీ కనిపిస్తూ, దర్జాగా కూర్చుని పనిచేసి ఉండాలి. గుమస్తాగారు భోజనానికి లేచినప్పుడు నేను ఆ కుర్చీలో కూర్చుని నా దరఖాస్తు మీద నేనే ముద్ర వేసుకుంటే ఈ సిద్ధాంతం నన్ను కాపాడదు. కనుక్కున్నాను.

వెక్కిరించడం తేలికే గానీ, ఇది లేకపోతే గతి లేదు. పైన ఒక్క ఇటుక జారిందని కింద రిజిస్ట్రేషన్లు, ఉద్యోగాలు, శిక్షలు అన్నీ కూలితే జనం బతకలేరు. నా అసూయంతా వేరే చోట. సంతకం బతికింది సరే, పెట్టినాయన మీద ఎంత పడుతుంది?

రాజ్యాంగం దీని గురించీ ఆలోచించింది. అర్హత లేదని తెలిసీ పార్లమెంటులో కూర్చున్నా, ఓటేసినా 104వ అధికరణం ప్రకారం రోజుకు 500 రూపాయల జరిమానా. శాసనసభలోనైతే 193వ అధికరణం, అదే రేటు. 1950లో అమల్లోకొచ్చిన అంకె ఇప్పటికీ పెరగలేదు. దేశంలో ధర పెరగని సరుకు ఇదొక్కటే అనుకుంటా. అందులోనూ ‘తెలిసీ’ అన్న మాటను గమనించాలి. తన అర్హత గురించి తనకే తెలియకుండా ఉండగలగడం నాయకత్వ లక్షణం. ఇక ఎన్నికే రద్దయిందనుకోండి, ప్రజాప్రాతినిధ్య చట్టం 107వ సెక్షన్ గొడుగు పడుతుంది. తీర్పుకు ముందు సభలో పాల్గొన్నందుకు జరిమానా గిరిమానా ఏమీ లేవు.

2001లో తమిళనాడులో జయలలిత నామినేషన్లే తిరస్కరించారు. పోటీకి పనికిరాని మనిషి మే 14న ముఖ్యమంత్రి అయ్యారు. ఎమ్మెల్యే కాకపోయినా ఆరు నెలలు మంత్రిగా ఉండొచ్చుగా అన్నది వాదన. శిక్ష పడి పోటీకే పనికిరానివాళ్లకు ఆ వెసులుబాటు లేదని సెప్టెంబర్ 21న సుప్రీంకోర్టు ఆ నియామకాన్ని కొట్టేసింది. ఆ నాలుగు నెలల పైచిలుకు చేసిన పనులు మాత్రం భద్రం. తర్వాత ఆమె నిర్దోషిగా బయటపడి 2002 మార్చిలో అదే కుర్చీలోకి వచ్చారు.

అన్నిటికన్నా నాకు నచ్చింది పాకిస్తాన్ పద్ధతి. ప్రధాని గిలానీకి 2012 ఏప్రిల్ 26న కోర్టు ధిక్కారం కింద శిక్ష పడింది. కోర్టు లేచేదాకా శిక్ష. కోర్టు వెంటనే లేచింది, ఆయనా లేచి ఆఫీసుకెళ్లారు. జూన్ 19న అదే సుప్రీంకోర్టు, ‘మీరు ఏప్రిల్ 26 నుంచే ప్రధాని కారు’ అంది. అంటే దాదాపు ఎనిమిది వారాలు ఆ దేశానికి ప్రధాని లేడు, ఆ సంగతి ప్రధానితో సహా ఎవరికీ తెలియదు. అంతలోనే బడ్జెట్ కూడా వచ్చి వెళ్లింది. అక్కడ సిద్ధాంతం మీద భారం వేసి ఊరుకోలేదు. అధ్యక్షుడు జర్దారీ ఏకంగా ఆర్డినెన్సు తెచ్చి, లేని ప్రధాని చేసిన పనులన్నీ ఉన్నట్టే అనిపించారు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం అంటారు గానీ, ఆకులు గెజిట్‌లో అచ్చు వేయిస్తే లాభమే.

ఆస్ట్రేలియాలో ఉప ప్రధాని బార్నబీ జాయిస్‌కు తండ్రి తరఫున న్యూజీలాండ్ పౌరసత్వం కూడా ఉందని 2017లో బయటపడింది. ఆయనకే తెలియదట. అక్టోబర్ 27న హైకోర్టు సీటు తీసేసింది. రెండో పౌరసత్వం అప్పటికే వదిలేసుకున్నారు గనుక డిసెంబర్ 2న ఉప ఎన్నికలో గెలిచి వచ్చేశారు. ఐదు వారాల్లో అనర్హుడు అర్హుడైపోయాడు. నా ‘వి’ని ‘వెంకట’ చేయడానికి ఎన్ని వారాలు పడుతుందో అడిగితే గుమస్తాగారు పైకి, ఫ్యాన్ వైపు చూశారు.

థాయ్‌లాండ్ ప్రధాని సమక్‌దైతే మరీ అన్యాయం. ప్రధానిగా ఉంటూ టీవీలో వంటల కార్యక్రమం చేసి డబ్బు తీసుకున్నందుకు 2008 సెప్టెంబర్‌లో పదవి పోయింది. ‘నేను ఉద్యోగిని కాను, ఏదో సరదాగా వండాను’ అన్నట్టు వాదిస్తే, రాజ్యాంగ కోర్టు నిఘంటువు తీసి ‘ఉద్యోగి’ అన్న మాటకు అర్థం చూసింది. మా గుమస్తాగారిని గుర్తు చేసిన కోర్టు ఇదొక్కటే.

ఇంత చదువూ వృథా పోనివ్వకూడదని నిన్న మళ్లీ ఆఫీసుకెళ్లాను. “అయ్యా, ‘వి’గానూ ‘వెంకట’గానూ యాభై ఏళ్లుగా బహిరంగంగా తిరుగుతున్నాను. అందరూ నేనే అని నమ్మారు. దొడ్డిదారిన వచ్చినవాణ్ని కాను. న్యాయంగా చూస్తే నేను డీ ఫ్యాక్టో నేనే” అన్నాను.

ఆయన కళ్లజోడు దించి సావధానంగా విన్నారు.

“అలాగేనండీ. అదే ముక్క అఫిడవిట్ మీద రాయించుకు రండి. కింద గెజిటెడ్ ఆఫీసర్ సంతకం ఉండాలి.”