23 ఏళ్ల బర్బన్ అంటే గొప్పదేనా?

అమెరికా నుంచి బర్బన్ (ఎక్కువగా మొక్కజొన్నతో చేసే అక్కడి విస్కీ) సీసా పట్టుకొచ్చేవాళ్లు దాంతోపాటు ఒక మాట కూడా మోసుకొస్తారు: "బర్బన్ ఎంత ముదిరితే అంత రుచి. పాపీ వాన్ వింకిల్ బ్రాండు 23 ఏళ్లది ఊరికే వేల డాలర్లు పలుకుతుందా? దొరికితే కొని దాచు, ఇంకా ముదురుతుంది. రంగు చిక్కగా ఉండాలి, గొంతు మండకూడదు." ఫోన్లలో తిరిగేదీ ఇదే.

ముందు వయసు సంగతి, అంటే పీపాలో ఉన్న ఏళ్లు. ఈ సూత్రం స్కాచ్ దగ్గర అరువు తెచ్చుకున్నది. స్కాట్లండ్‌లో చలి, పీపాలు కూడా ఎక్కువగా ఒకసారి వాడేసినవే (చాలావాటిలో అంతకుముందు ఉన్నది బర్బనే!). బర్బన్‌కు మాత్రం చట్టం ప్రకారం లోపల కాల్చిన కొత్త ఓక్ పీపా కావాలి. బర్బన్ ఎక్కువగా తయారయ్యే అమెరికా రాష్ట్రం కెంటకీలో వేసవికి గోడౌన్ పై అంతస్తులు ఉడికిపోతాయి. వేడికి మందు చెక్కలోకి ఇంకుతుంది, చలికి వెనక్కి వస్తుంది. మొదటి ఏళ్లలో ఇది మేలే. వనిల్లా, మాడీ మాడని చక్కెర, కొబ్బరి వాసనలు అలా వచ్చినవే. కానీ చెక్క వగరు అక్కడితో ఆగదు. ముదురుపాకం దాటిన బెల్లం ఏమవుతుందో అరిసెలు వండినవాళ్లనడగండి.

ఓ స్నేహితుడింట్లో ఇరవై ఏళ్లు దాటిన బర్బన్ రెండు చెంచాలు పోశారు. వాసనకు పాత టేకు బీరువా తెరిచినట్టుంది, వెనకే పొగాకు, ఎండుద్రాక్ష. నోట్లో పడగానే తీపి. ఆ వెంటనే కరక్కాయ నమిలినట్టు చిగుళ్లు బిగుసుకుపోయాయి. పక్కన పదేళ్లది ఉంది, దాని ధరలో పదోవంతు కూడా లేదు. నేను మళ్లీ అడిగి పోయించుకున్నది దాన్నే. అలాగని ముదురువన్నీ చేదని కాదు. చల్లటి కింది అంతస్తులో నిలిచిన పీపా ఇరవై ఏళ్లకూ బాగుండొచ్చు. అది పీపా అదృష్టం, లేబుల్ మీది అంకె కాదు.

ఇక ధర. పీపాలోంచి ఏటా కొంత ఆవిరైపోతుంది. ఏడాదికి 4 శాతం అనుకున్నా 200 లీటర్లలో 23 ఏళ్లకు మిగిలేది 80 లీటర్ల లోపే. అన్నేళ్ల గోడౌన్ ఖర్చు, కెంటకీ పీపాలపై వేసే పన్ను అదనం. కాబట్టి ముదురుది ఖరీదవడం న్యాయమే. కానీ పాపీకి కంపెనీ చెప్పే ధర వందల్లో ఉంటే, బయట చేతులు మారేది వేలల్లో. ఆ తేడా కొరతది, పేరుది. నాలుకకు దాంతో పనిలేదు. డబ్బుకు తగ్గ సరుకు కావాలంటే సీసా మీద "బాటిల్డ్ ఇన్ బాండ్" అని వెతకండి. 1897 నాటి అమెరికా చట్టం అది: ఒకే డిస్టిలరీలో, ఒకే సీజన్‌లో కాచింది, పీపాలో కనీసం నాలుగేళ్లు, సరిగ్గా 50 శాతం ఆల్కహాల్.

దాస్తే ముదురుతుందా? గాజు సీసాలో విస్కీ ముదరదు. 12 ఏళ్లది మీ మనవడి పెళ్లికి తీసినా 12 ఏళ్లదే.

రంగుదీ అంతంతమాత్రమే. స్ట్రెయిట్ బర్బన్‌లో (కనీసం రెండేళ్లు పీపాలో ఉన్నదాన్ని అలా అంటారు) రంగు కలపకూడదు, నిజమే. కానీ పై అంతస్తు వేడికి కుర్ర మందు కూడా నల్లబడుతుంది, నీళ్లు ఎక్కువ కలిపితే ముసలిది కూడా పలచబడుతుంది.

గొంతు మంట చాలావరకు ఆల్కహాల్ శాతాన్ని బట్టే. 60 శాతంది మండుతుంది, 40 శాతంది అంత మండదు. నోరు కొంచెం తెరిచి వాసన చూడండి, చిన్న గుక్క నాలుకంతా తిప్పండి, మింగాక ఏం మిగిలిందో గమనించండి. మరీ మండితే నాలుగు చుక్కల నీళ్లు పోయండి, పరువేం పోదు. డిస్టిలరీల్లో పీపాలు రుచి చూసి ఎంచేవాళ్లు కూడా నీళ్లు కలిపే చూస్తారు.