మామూలు మనిషి గురించి ఎవరూ రాయలేదా?

కొన్నాళ్లుగా ఒక మెసేజ్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇదీ: "చరిత్ర రాజులకూ జమీందార్లకూ మాత్రమే ఉంటుంది. మీ ముత్తాత లాంటి మామూలు మనిషి గురించి ఎవరూ ఒక్క అక్షరం కూడా రాయలేదు. రాసి ఉంటే ఈపాటికి నెట్‌లో ఉండేది. ఒకవేళ దొరికినా, పేరు స్పెల్లింగ్ కలవకపోతే ఆ మనిషి వేరే. పాత కాగితాలతో టైమ్ వేస్ట్ చేసుకోకండి, డీఎన్ఏ టెస్ట్ చేయించుకుంటే చాలు."

రెండేళ్లుగా తన పూర్వీకుల కోసం వెతుకుతున్న నా స్నేహితుడు ఇది చదివి ఆ పని మానేశాడు. నాకు బాధ కలిగింది. అందుకే ఒక్కో మాటకూ జవాబు రాస్తున్నాను.

"మామూలు మనిషి గురించి ఎవరూ రాయలేదు."

మెసేజ్ మొత్తానికీ ఆధారం ఈ మాటే. పెద్ద తప్పు కూడా ఇదే. సామాన్యుడి జీవితచరిత్రను ఎవరూ పుస్తకంగా రాయలేదు, ఒప్పుకుంటాను. కానీ పన్ను వసూలు చేయాలన్నా, సైన్యంలో చేర్చుకోవాలన్నా, ఓడ ఎక్కించాలన్నా, జైల్లో పెట్టాలన్నా ముందు మనిషి పేరు రాసుకోవాలి. కాబట్టి ఆ మనిషితో ఏ ఆఫీసుకు పనిపడిందో ఆలోచిస్తే కాగితం ఎక్కడుంటుందో తెలుస్తుంది.

ఇంగ్లండునే తీసుకోండి. 1662లో అక్కడ వచ్చిన చట్టం ప్రకారం పేదవాడి పోషణ భారం అతను ఏ పారిష్‌కు (ఒక చర్చి కింద ఉండే స్థానిక ప్రాంతం) చెందితే ఆ పారిష్‌దే. దాంతో సాయం అడిగే స్థితికి వచ్చిన మనిషిని న్యాయాధికారుల ముందు నిలబెట్టి ప్రశ్నలు వేసేవారు. ఎక్కడ పుట్టావు? ఎవరి దగ్గర పని నేర్చుకున్నావు? ఏ యజమాని దగ్గర ఏడాది పూర్తిగా పనిచేశావు? పెళ్లయిందా, పిల్లలెందరు? ఖర్చు తమ పారిష్ మీద పడకుండా చూసుకోవడానికే ఇదంతా. అయినా ఒక పొలం కూలీ బతుకంతా ఆ పేజీలోకి ఎక్కింది. హాయిగా బతికిన పక్కింటి రైతు గురించి అంత వివరం దొరకదు, ఎందుకంటే అతన్ని ఎవరూ అడగలేదు.

స్వీడన్‌లో 1686 నాటి చర్చి చట్టం తర్వాత పాస్టర్లు ఇంటింటి వివరాలతో పుస్తకాలు రాయడం మొదలుపెట్టారు. ఎవరికి చదవడం వచ్చు, మతపాఠం ఎవరు ఎంతవరకు అప్పజెప్పగలరు అన్నది కూడా రాసేవారు. అందులో పనిమనుషుల పేర్లూ ఉంటాయి, వాళ్లు ఏ ఊరి నుంచి వచ్చారు, ఎక్కడికి వెళ్లారు అన్నదీ ఉంటుంది.

ఇక మనకు దగ్గరి ఉదాహరణ. 1860 నవంబర్ 16న 'ట్రూరో' అనే ఓడ మద్రాసు నుంచి బయల్దేరిన కూలీలతో ఇప్పటి దక్షిణాఫ్రికాలోని నాటాల్‌లో ఉన్న డర్బన్ రేవుకు చేరింది. 1911 వరకు అలా నాటాల్‌కు వెళ్లినవారు లక్షా యాభై వేలకు పైనే, వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. చదువు రాని ఆ మనుషులకు ఓడ రిజిస్టర్లలో ఒక్కో వరుస ఉంది: నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీది గుర్తులు. ఆ కాలంలో సొంత ఊళ్లోనే ఉండిపోయిన అన్నదమ్ముడి ఒంటి మీద మచ్చ ఎక్కడుందో ఈ రోజు ఎవరికీ తెలియదు. కూలీగా వెళ్లినవాడిది తెలుసుకోవచ్చు. ఆ వరుస చదివినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది. ఆ మనిషిని గుర్తుపట్టడానికి కంపెనీలూ సర్కారూ పెట్టుకున్న లెక్క అది, ఇప్పుడు ఆయన వారసులకు మిగిలిన ఆస్తి అదే.

అన్నీ దొరుకుతాయని నేను అనడం లేదు. అమెరికాలో 1850, 1860 జనగణనల్లో బానిసల్ని యజమాని పేరు కింద వయసుతో లెక్క రాశారు, వాళ్ల పేర్లు దాదాపు ఎక్కడా రాయలేదు. దేశమంతటా వాళ్ల పేర్లు కనిపించేది 1870 జనగణనలోనే. ఐర్లండులో 1922లో డబ్లిన్ రికార్డు ఆఫీసు తగలబడి, 1821 నుంచి 1851 వరకు జరిగిన జనగణనల కాగితాలు చాలావరకు పోయాయి. ఇంగ్లండు, వేల్స్‌ల 1931 జనగణన పత్రాలు 1942లో మంటల్లో కాలిపోయాయి. ఇవి నిజమైన నష్టాలు. కానీ రాసినవి కాలిపోవడం వేరు, అసలు రాయకపోవడం వేరు. జనగణన పోయినచోట చర్చి పుస్తకమో, భూమి పత్రమో, కోర్టు కాగితమో మిగిలి ఉండవచ్చు.

"రాసి ఉంటే నెట్‌లో ఉండేది."

ఫ్యామిలీసెర్చ్ అనే ఉచిత సైట్ వెనకున్న సంస్థ 1938 నుంచి ప్రపంచమంతటా రికార్డుల్ని మైక్రోఫిల్మ్ చేసింది, అంటే పేజీల్ని చిన్న ఫొటోలుగా ఫిల్ము రీళ్ల మీదకు ఎక్కించింది. సుమారు 24 లక్షల రీళ్లున్న ఆ నిధిని డిజిటల్‌లోకి మార్చే పని 2021లో ముగిసింది. అయినా చాలా పేజీలు ఫొటోలుగానే ఉన్నాయి, వాటికి పేర్ల సూచిక లేదు. వెతికే పెట్టెలో పేరు కొడితే 'ఏమీ లేదు' అంటుంది. మనమే పేజీ తర్వాత పేజీ తిప్పాలి. అసలు స్కాన్ కాని కట్టలు ఆర్కైవుల్లో ఇంకా ఎన్నో.

"స్పెల్లింగ్ కలవకపోతే మనిషి వేరే."

రాసింది గుమాస్తా. చెప్పినవాడికి చదువు రాదు, విన్నవాడికి ఆ భాష రాదు. చెవికి ఎలా వినపడితే అలా రాశాడు. ఒకే మనిషి మూడు కాగితాల్లో మూడు రకాలుగా ఉండటం మామూలే. ఈ చిక్కు ఎంత పాతదంటే, అక్షరాల్ని వదిలి ఉచ్చారణను బట్టి పేర్లను గుంపులు చేసే సౌండెక్స్ పద్ధతికి 1918లోనే పేటెంట్ వచ్చింది.

వయసుల సంగతీ అంతే. ఇంగ్లండు 1841 జనగణనలో పదిహేను దాటినవారి వయసును కింది ఐదుకు తగ్గించి రాయమన్నారు. 39 ఏళ్లవాడు 35గా కనిపిస్తాడు.

నిజమైన ప్రమాదం ఇంకోటి ఉంది, దాన్ని ఆ మెసేజ్ తాకనే లేదు. స్పెల్లింగ్ అచ్చం కలిసిన మనిషి మన మనిషి కాకపోవచ్చు. ఒకే ఊళ్లో తాత పేరు పెట్టుకున్న మనవలు నలుగురు ఉంటారు. భార్య పేరు, పని, ఇరుగుపొరుగు పేర్లు కూడా కలిసేదాకా ఆగాలి. తొందరపడి ఒకరు చేసిన తప్పును ఆన్‌లైన్ వంశవృక్షాల్లో వందమంది కాపీ కొడతారు.

"డీఎన్ఏ టెస్ట్ చాలు."

దూరపు బంధువుల్ని కలపడానికి, అనుమానం తీర్చుకోవడానికి టెస్ట్ పనికొస్తుంది. కానీ పది తరాలు వెనక్కి వెళ్తే మన వంశవృక్షంలో 1,024 స్థానాల్లో పూర్వీకులుంటారు. వాళ్లలో చాలామంది డీఎన్ఏ మన దాకా ఏమాత్రం రాలేదు. వచ్చినవారి విషయంలోనైనా, ఆయన ఏ పనిచేశాడు, ఎందుకు ఊరు వదిలాడు అన్నది ఏ లాలాజలం సీసా చెప్తుంది?

నా స్నేహితుడికి ఒక్కటి చూపించాలని ఉంది. ఇంగ్లండులో 1754 నుంచి పెళ్లి రిజిస్టర్లో వధూవరులు సంతకం పెట్టాల్సి ఉండేది. రాయడం రానివాళ్లు ఒక గుర్తు గీసేవారు, ఎక్కువగా ఇంటూ మార్కు. దాని చుట్టూ పేరు రాసింది వేరేవాళ్లు. ఆ వంకర గీత మాత్రం ఆ కూలీ చేతిదే, కలం పట్టిన ఆ నిమిషానిదే. ఆ కిందే సాక్షుల పేర్లుంటాయి. చాలాసార్లు అన్నో, చెల్లెలో, పక్కింటి మనిషో అయివుంటారు. తర్వాత వాళ్ల కోసం వెతకాలి.