చేపల వలతో జలాంతర్గాములపై కాపలా

మొదటి ప్రపంచ యుద్ధంలో, 1917 మే 15 తెల్లవారుజామున ఒట్రాంటో జలసంధిలో ‘గోవన్‌లీ’ అనే బ్రిటిష్ చేపల పడవకు దాదాపు 90 మీటర్ల దూరంలోకి శత్రుదేశం ఆస్ట్రియా-హంగరీ క్రూయిజర్ (వేగంగా వెళ్లే యుద్ధనౌక) వచ్చింది. పడవను ఆపి, వదిలేసి వెళ్లిపొమ్మని కేక వేశారు. స్కిప్పర్ జోసెఫ్ వాట్ (మన తీరంలో అయితే సరంగు అంటాం) ఇంజన్‌ను పూర్తి వేగంతో నడపమని చెప్పి, శత్రువు మీదికి ఫిరంగి పేల్చమన్నాడు. ఒక్క గుండు పేలిందో లేదో, ఆ ఫిరంగి దెబ్బతింది. గుళ్ల వాన మధ్యే మనుషులు దాన్ని బాగుచేయడానికి ప్రయత్నిస్తూ ఉండిపోయారు. క్రూయిజర్ దాటిపోయాక వాట్ తన పడవను ఛిద్రమైన ‘ఫ్లోండీ’ అనే మరో చేపల పడవ దగ్గరికి చేర్చి, చనిపోయినవారిని, గాయపడ్డవారిని దింపడంలో సాయపడ్డాడు. బ్రిటన్ ఆయనకు తన అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాస్ ఇచ్చింది.

ఆ ధైర్యానికి నేను మనసారా నమస్కరిస్తాను. కానీ ఆ పడవను అక్కడ నిలబెట్టింది ఎవరు, ఏ లెక్కతో అన్న ప్రశ్న పతకం వెనక మరుగున పడకూడదు.

గోవన్‌లీ లాంటి పడవలను డ్రిఫ్టర్లు అంటారు. అవి హెర్రింగ్ చేపల కోసం కట్టిన పడవలు. రాత్రి వలను తెరలా నీళ్లలోకి వదిలి, దానితోపాటే ప్రవాహంలో తేలుతూ ఉంటాయి. బ్రిటన్ నౌకాదళం చేపల వల స్థానంలో ఉక్కు తీగ వల పెట్టించింది, చిన్న ఫిరంగి బిగించింది, జాలర్లను రిజర్వు దళంలోకి తీసుకుంది. అడ్రియాటిక్ సముద్రం నుంచి మధ్యధరాలోకి వచ్చే శత్రు జలాంతర్గాములు ఆ వలల్లో చిక్కాలన్నది ఆశ. ఇటలీకి, అల్బేనియాకు మధ్య దాదాపు 70 కిలోమీటర్ల జలసంధి అది. ఆ రాత్రి కాపలాలో ఉన్నవి 47 డ్రిఫ్టర్లు. సముద్రం వందల మీటర్ల లోతు. వల కిందినుంచి, పడవల సందుల్లోంచి జలాంతర్గాములు దాటిపోతూనే ఉన్నాయి. 1916 మేలో యు-6 అనే జలాంతర్గామి ఒకటి చిక్కింది. అంత పెద్ద కాపలాకు అది చాలా చిన్న ఫలితం.

వల దించిన పడవ త్వరగా కదలలేదు, పారిపోనూ లేదు. ఎదురుగా వచ్చిన ‘నొవారా’, ‘హెల్గోలాండ్’, ‘సైదా’ 27 నాట్ల (గంటకు దాదాపు 50 కిలోమీటర్లు) వేగం గల క్రూయిజర్లు, ఒక్కోదానిపై తొమ్మిది 100 మిల్లీమీటర్ల ఫిరంగులు. వాటిని నడిపిన మిక్లోష్ హోర్తీ తర్వాత హంగరీ పాలకుడయ్యాడు. ఆ ఉదయం 14 డ్రిఫ్టర్లు మునిగాయి, 72 మంది జాలర్లు బందీలయ్యారు. క్రూయిజర్లు దాడి చేయగలవని ముందే తెలియాల్సింది. పడవలకు కాపు పెట్టే యుద్ధనౌకలు చాలినన్ని లేకపోతే, రాత్రిపూట వాటిని అక్కడ ఉంచకూడదు. జాలరి ఓర్పుకు, సముద్ర జ్ఞానానికి విలువ కట్టినవారు అతడి ప్రాణానికి అంత విలువ కట్టలేదన్నది నా అభిప్రాయం. తక్కువ ఖర్చుతో దొరికిన పడవ, తక్కువ నష్టంగానే కనిపించింది.

మే 15 తర్వాత డ్రిఫ్టర్లను రాత్రి కాపలా నుంచి తప్పించి పగటికే పరిమితం చేశారు. ఆ జాగ్రత్త ఒక్క రాత్రి ముందు తీసుకోగలిగేదే. యుద్ధం ముగిశాక వాట్ మళ్లీ చేపల వేటకే వెళ్లాడు.