ఉల్లి తినరాదు, ఉల్లి మందు మానరాదు

హోమియో చీటీ ఎప్పుడైనా శ్రద్ధగా చదివారా? పైన జలుబుకి రాసిన మందు: అల్లియం సెపా 30. కింద పథ్యం: ఉల్లి, వెల్లుల్లి, కాఫీ, కర్పూరం దరిచేరనీయరాదు. చూడ్డానికి ఏ గొడవా లేని కాగితం. కాకపోతే ఆ అల్లియం సెపా సాక్షాత్తూ మన ఎర్ర ఉల్లిపాయ.

అంటే ముక్కు కారితే ఉల్లిపాయ పుచ్చుకోవాలి, అది పనిచెయ్యాలంటే ఉల్లిపాయ మానెయ్యాలి. పెసరట్టు మీద చల్లిన నాలుగు ఉల్లిముక్కలు సీసాలోని ఉల్లి శక్తిని చంపేస్తాయట. పాపం, అంత సుకుమారమైన ఉల్లి!

సిద్ధాంతం లోతైనది కాబట్టి నెమ్మదిగా చెబుతాను. ఆరోగ్యంగా ఉన్నవాడికి ఏ పదార్థం ఏ బాధలు తెప్పిస్తుందో, ఆ బాధలున్న రోగిని అదే బాగుచేస్తుందని 1796లో జర్మనీలో శామ్యూల్ హానిమన్ గారు సెలవిచ్చారు. ఉల్లి తరిగితే కళ్ళు, ముక్కు కారతాయి కనుక వాటికి ఉల్లే మందు. ఈ లెక్కన పెళ్ళిళ్ళలో బస్తాల కొద్దీ ఉల్లి తరిగే వంటవాళ్ళకి జన్మలో జలుబు రాకూడదు. కానీ వాళ్ళు తరిగేది ఒట్టి ఉల్లి, పొటెన్సీ పెంచిన ఉల్లి కాదు.

పొటెన్సీ పెంచడమంటే ఉల్లిని తగ్గించడం. ఒక చుక్క ఉల్లి సారంలో 99 చుక్కల ఆల్కహాలు కలిపి, గట్టిగా కుదపాలి. తోలు అట్ట పుస్తకానికేసి కొడితే శ్రేష్ఠమని హానిమన్ గారే చెప్పారు. అందులోంచి ఒక చుక్క తీసి మళ్ళీ 99 చుక్కల్లో. ఇలా 30 సార్లు. పన్నెండోసారి దాటేసరికే ఉల్లి అణువు ఒక్కటైనా మిగలడం అదృష్టం. ముప్ఫయ్యోసారికి మిగిలే ఉల్లి, 1 పక్కన 60 సున్నాలు పెడితే వచ్చే సంఖ్యలో ఒక్క వంతు. భూమ్మీది సముద్రాల నీళ్ళన్నిట్లో ఉన్న అణువులు లెక్కేస్తే 47 అంకెల సంఖ్య వస్తుంది. కాబట్టి ఒక్క ఉల్లి అణువు మీ నోట్లో పడాలంటే ఇలాంటి సముద్రాలు కనీసం 20 లక్షల కోట్లు తాగాలి. మృగశిర కార్తెకి నాంపల్లిలో మింగించే చేపమందులో కనీసం చేప ఉంటుంది.

రైతుబజారులో ఉల్లి కోసం క్యూ కట్టిన రోజుల్లో మన నాయకులకి ఈ విద్య ఎందుకు తట్టలేదో! కర్నూలు నుంచి ఒక్క ఉల్లిపాయ తెప్పించుకుంటే దేశానికి తరతరాలు సరిపోయేది.

అయితే మందు ఎంపిక ఆషామాషీ వ్యవహారం కాదు. జలుబు చేసిన రిటైర్డు హెడ్మాస్టరుగారొకరు భార్యతో సహా వెళ్ళారనుకోండి.

"కన్నీళ్ళు మండుతున్నాయా, చీమిడి మండుతోందా?"

"ఏమోనండీ, అంత గమనించలేదు."

"గమనించాలి మరి. జలుబు ఎడమ ముక్కులో మొదలై కుడికి వెళ్ళిందా?"

మాస్టారు భార్య వైపు చూస్తారు. ఆవిడ, "ఈయన ఏదీ ముందు చెప్పరండీ" అంటుంది.

"గదిలో ఎక్కువా, ఆరుబయట ఎక్కువా?"

"టీవీ పెడితే ఎక్కువండీ," అంటుంది ఆవిడే.

"ఉరుములంటే భయమా? ఉప్పు ఎక్కువ తింటారా? కలలో పాములొస్తాయా?"

"అప్పులవాళ్ళొస్తారండీ," అంటారు మాస్టారు నిజాయితీగా. డాక్టరుగారు అదీ రాసుకుంటారు.

చివరికి మండుతున్నది చీమిడేనని తేలుతుంది. కాబట్టి అల్లియం సెపా. అదే కన్నీళ్ళు మండితే యుఫ్రేషియా. తేడా వస్తే ప్రమాదం! తీరా రెండూ 30 పొటెన్సీలో పక్కపక్కన పెట్టి, సీసాల మీది కాగితాలు ఊడబీకితే, ఏది ఏదో తయారుచేసినవాళ్ళే చెప్పలేరు. రెండూ తియ్యగానే ఉంటాయి.

ఒకటి ఒప్పుకోవాలి. పెద్దాసుపత్రిలో తలెత్తకుండా రెండు నిమిషాల్లో పరీక్షలు రాసి పంపించేస్తారు. ఇక్కడ గంటసేపు కూర్చోబెట్టి అప్పులవాళ్ళ సంగతి కూడా వింటారు. సగంమంది వెళ్ళేది ఆ గంట కోసమే. హానిమన్ కాలంలో డాక్టర్లు రోగి నెత్తురు తీసి చంపేవారు కాబట్టి, ఏమీ చెయ్యని వైద్యుడే ఎంతో మేలు. ఇప్పుడా సాకు లేదు.

మొక్కల మందు కదా, నీకెందుకంత మంట అనకండి. మొక్కల మీద నాకే కోపమూ లేదు. కంచెల మీద పెరిగే అడ్డసరం ఆకుని దగ్గుకి మన పెద్దలు ఎప్పటినుంచో వాడారు. అందులో వాసిసిన్ అనే పదార్థం ఉందని రసాయనశాస్త్రం తెలిసినవాళ్ళు పట్టుకుని, దాన్ని మార్చి బ్రోమ్‌హెక్సిన్ చేశారు. కఫం కరగడానికి తాగే చాలా సిరప్పుల్లో ఉండేది అదే. ఇందులో ఇంత మోతాదు, ఇంత గుణం, ఇంత దోషం అని రాసిచ్చారు. వీళ్ళు అదే అడ్డసరాన్ని తీసుకుని, జస్టీషియా అని పేరు పెట్టి, ఆకు లేకుండా పోయేదాకా కుదిపి, 'నూటికి నూరు శాతం మొక్కల నుంచి, సైడ్ ఎఫెక్ట్స్ లేవు' అని బోర్డు కడుతున్నారు. ఎఫెక్టే లేనప్పుడు సైడ్‌కి ఎక్కణ్ణించి వస్తుంది?

జలుబుకయితే నవ్వుకుని ఊరుకోవచ్చు. మందేసుకున్నా వేసుకోకపోయినా వారం పది రోజుల్లో అదే పోతుంది. కానీ అదే బోర్డు మీద జలుబు పక్కన 'ఆస్తమా' అని రాస్తున్నారు. పిల్లికూతలతో వచ్చిన పసివాడి తల్లితో "ఇంగ్లీషు మందులు ఆపెయ్యండి, ఇన్హేలర్ అలవాటైపోతుంది" అని చెప్పేవాళ్ళున్నారు. ఇన్హేలర్ వ్యసనం కాదు, లోపల వాపు పెరగకుండా రోజూ కాపలా కాసే మందు. అది ఆపేస్తే వాపు చప్పుడు లేకుండా తిరిగొస్తుంది. ఒక రాత్రి పిల్లవాడి పెదాలు నీలంగా మారితే, "మొదట్లో కాస్త పెరుగుతుంది, అది మందు పట్టిందనడానికి గుర్తు" అంటారా? సిగ్గుండాలి. ఊపిరాడకపోవడం దేనికీ గుర్తు కాదు, ఆసుపత్రికి పరిగెత్తాల్సిన సమయం. రెండు వారాలు దాటిన దగ్గుకి కఫం పరీక్ష సర్కారు దవాఖానాలో ఉచితంగా చేస్తారు. ప్రపంచంలోని టీబీ రోగుల్లో సుమారు నలుగురిలో ఒకరున్న దేశం మనది. టీబీకి హోమియో వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే చెప్పింది. అలాంటి దేశంలో దగ్గుతున్న మనిషిని కూర్చోబెట్టి కలల్లో పాముల గురించి అడుగుతారా!

సర్కారువారి సంగతా? కరోనా రాకుండా ఆర్సెనికం ఆల్బం 30 అనే హోమియో మందు వేసుకోమని 2020 జనవరిలో సలహా ఇచ్చింది ఆయుష్ మంత్రిత్వ శాఖే. హోమియోని నిషేధించమని వాళ్ళని అడిగే అమాయకత్వం నాకు లేదు. అమెరికాలో వినియోగదారుల వ్యవహారాలు చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో ఒక విధానం ప్రకటించింది. షాపుల్లో అమ్మే హోమియో మందు రోగం తగ్గిస్తుందని రుజువు లేకుండా చెప్పుకోవాలంటే, అది పనిచేస్తుందనడానికి శాస్త్రీయ ఆధారం లేదనీ, ఆ మాటకి మూలం 1700ల నాటి సిద్ధాంతమేననీ కొనేవాడికి అర్థమయ్యేలా చెప్పాలంది. అదే మాట ఇక్కడ తెలుగులో అచ్చువేయిస్తే చాలు. చిన్న సీసా, అంత రాయడానికి చోటెక్కడుందంటారా? లోపల బోలెడు ఖాళీ.