హైడ్రోజన్ సరే, ఆక్సిజన్ లెక్క ఎవరు రాస్తారు?

సీమలో గ్రీన్ హైడ్రోజన్ (సోలార్, గాలిమరల కరెంటుతో నీటిని విడగొట్టి తీసే హైడ్రోజన్) మాట ఎత్తగానే ముందు నీళ్ల గొడవే వస్తుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే చాలనుకునే అనంతపురంలో అది సహజం. కానీ లెక్క వేస్తే అంత భయం అక్కర్లేదు. కిలో హైడ్రోజన్‌కు 9 లీటర్ల నీళ్లు విడగొట్టాలి. శుద్ధిలో పోయేవి, కూలింగ్‌కు పట్టేవి కలిపితే అంతకు రెండు మూడింతలు. ఎకరం వరి మడి ఒక పంటకు తాగే నీళ్లతో వంద టన్నులకు పైగా హైడ్రోజన్ తీయొచ్చు.

అసలు బరువు కరెంటుది. కిలోకు 50 యూనిట్లకు పైనే కావాలి. ఆ హైడ్రోజన్‌ను మళ్లీ కరెంటుగా మారిస్తే సగం కూడా చేతికి రాదు. అందుకే ఎరువులకు అమ్మోనియా లాంటి తప్పని అవసరాలకే దాన్ని వాడాలి. ఓర్వకల్లు సోలార్ కరెంటును హైడ్రోజన్‌గా మార్చి బస్సుల్లో నింపుతామనే ప్రసంగాలు నాకు రుచించవు.

ఎవరూ మాట్లాడనిది రెండో గొట్టం సంగతి. కిలో హైడ్రోజన్‌తో పాటు 8 కిలోల ఆక్సిజన్ పుడుతుంది. చాలాచోట్ల దాన్ని గాలిలోకి వదిలేస్తారు.

కర్నూలుకు ఈ విద్య కొత్తేమీ కాదు. గొందిపర్ల కాస్టిక్ సోడా ఫ్యాక్టరీలో విడగొట్టేది ఉప్పునీటిని. అక్కడ ఆక్సిజన్ బదులు క్లోరిన్ వస్తుంది. (సైన్స్ ఫెయిర్‌లో నీళ్లలో వంటుప్పు కలిపే మాస్టార్లు ఇది గమనించాలి: ఆ బుడగల్లో క్లోరిన్ ఉంటుంది, పిల్లలు పీల్చకూడదు. వాషింగ్ సోడా వాడితే ఆ బెడద లేదు.) కాస్టిక్ సోడా, క్లోరిన్ కోసం నడిచే ఇలాంటి ఫ్యాక్టరీల్లో హైడ్రోజన్ ఉపఉత్పత్తి. అయినా దానికీ ఓ ధర ఉంటుంది. గ్రీన్ హైడ్రోజన్‌లో ఉపఉత్పత్తి ఆక్సిజన్. దానికి మాత్రం ధర లేకపోవడమేమిటి?

గాలి నుంచి ఆక్సిజన్ తీయడం చాలా చవక, ఇది ఎవరు కొంటారని కంపెనీలు అంటాయి. నిజమే, ట్యాంకర్లలో దూరం మోస్తే గిట్టదు. పక్కనే వాడేవాళ్లుంటే పైపు చాలు. 2021లో కోవిడ్ ఉధృతంగా ఉన్నప్పుడు తాడిపత్రిలో స్టీల్ ప్లాంట్ దగ్గరే తాత్కాలిక ఆసుపత్రి కట్టి, ప్లాంటు ఆక్సిజన్‌నే బెడ్లకు ఇచ్చారు. అవసరం నెత్తిమీదికొచ్చాక చేసిన పని అది. స్టీల్‌కు రోజూ ఆక్సిజన్ కావాలి. నీటిని విడగొట్టే యంత్రాలను (ఎలక్ట్రోలైజర్లను) అలాంటి చోట్లకే రప్పించొచ్చు. ఎకరాలు రాసిచ్చే ముందు ప్రభుత్వం కంపెనీలను ఉద్యోగాలెన్ని అని అడుగుతుంది. ఆక్సిజన్ ఎవరికిస్తారో కూడా అదే కాగితంలో రాయించుకోవాలి.