పచ్చచుక్క గారికి ఒక జ్వరపీడితుడి లేఖ

ఆన్‌లైన్లో ఉన్నవాళ్ల పేరు పక్కన వెలిగే మహారాజశ్రీ పచ్చచుక్క గారి దివ్యసముఖమునకు,

విజయనగరం నుంచి మీ పాత ఆటగాడు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని రాయాలి గానీ, ఉభయుల్లో ఒకరే కుశలం. అది మీరు.

మొన్న ఆదివారం సంగతి మీరు మర్చిపోయి ఉండరు, మీకు అన్నీ సర్వర్లో ఉంటాయి కదా. ఆట తెరవగానే అప్‌డేట్ అన్నారు. మా వైఫైకి ముప్పావు గంట పట్టింది. అయ్యాక "మీ మెసేజింగ్ యాప్‌ని ఆటకి కలపండి, మిత్రులకి మరింత దగ్గరవండి" అంటూ అరచేయంత పసుపుపచ్చ బటన్. "ఇప్పుడు వద్దు" అన్నది మాత్రం బూడిదరంగులో, చీమ తలకాయంత. అవతల మా టీమ్‌లోని పార్వతీపురం వాడు "వేగం రా, మొదలెట్టీస్తన్నాం" అని తొందరపెడుతున్నాడు. నొక్కేశాను. ఓటీపీ ఇచ్చాను, కాంటాక్టులన్నీ ఇచ్చాను. మాకు గ్యాస్ బండ తెచ్చే కుర్రాడు కూడా ఇదే ఆడతాడనీ, ర్యాంకులో నాకంటే రెండు మెట్లు పైన ఉన్నాడనీ అప్పుడే తెలిసింది. అది పెద్ద బాధ కాదు. బాధే, కానీ దిగమింగాను.

అసలు ఆ రోజు నేను శ్రీకాకుళం వెళ్లి మా అత్తగారిని అరసవల్లి తీసుకెళ్లాలి. జ్వరమని చెప్పాను. ఆదివారం పూట సూర్యనారాయణస్వామి దర్శనానికి లైను ఎలా ఉంటుందో తెలిసినవాళ్లెవరూ నన్ను తప్పుపట్టరు. పైగా నేను ఆడేది దుప్పటి కప్పుకుని పడుకునే.

మూడో మ్యాచ్. ఇంకా ఎనిమిది మందే మిగిలారు. నేను గడ్డిలో బోర్లా పడుకుని, ఊపిరి బిగబట్టి అడుగుల చప్పుడు వింటున్నాను. చెవిలో గంట మోగింది.

"ఈ మ్యాపులో గుడెక్కడుందిరా?" అన్నాడు పార్వతీపురం వాడు.

"ఏటి అల్లుడు గారూ, జొరం తగ్గిపోనాదేటి?"

తర్వాత తెలిసింది తమరి నిర్వాకం. లైన్లో విసుగ్గా నిలబడ్డ మా బావమరిది ఫోనుకి మీరు కబురు పంపారట: "బావగారు ఆడుతున్నారు, 1 గంట 42 నిమిషాలుగా. చేరండి." పిల్లాడు చేరాడు. స్పీకర్ ఆన్‌లో ఉంది. పక్కనే వాళ్లమ్మ ఉంది. మా టీమ్‌లో ఎవరో బీహారు కుర్రాడున్నాడు, తెలుగు ముక్క రాదు. ఆ గొంతు విని వాడు కూడా "సారీ బ్రో" అన్నాడు. నేను గడ్డిలోంచి లేచి నిలబడ్డాను. ఎవడో కాల్చేశాడు. ఆ పుణ్యాత్ముడికి నా కృతజ్ఞతలు.

ఇక మర్యాద నా వల్ల కాదు. ఏం చుక్కా, నిన్నెవరు అడిగారు? నేను ఆడుతున్నానని చెప్పావు సరే, ఆ నలభై రెండు నిమిషాలు ఎందుకు లెక్కపెట్టావు? నా జీతంలో కోత కోసేవాళ్లు కూడా అంత కచ్చితంగా లెక్కేయరు.

నిజం చెప్పాలంటే, ఆటకీ మెసేజింగ్‌కీ ఈ పొత్తు కావాలని కోరుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. ఒకప్పుడు గంటస్తంభం దగ్గర నెట్ సెంటర్లో ఒక విండోలో కౌంటర్ స్ట్రైక్, ఇంకో విండోలో యాహూ మెసెంజర్. ఎవరో "తిన్నావా" అంటే ఆల్ట్ ట్యాబ్ కొట్టి ఇటొచ్చి, "తిన్నా" అని కొట్టి అటెళ్లేసరికి నా శవం పడి ఉండేది. అందుకే 2004లో ఎక్స్‌ఫైర్ వచ్చి, ఏ స్నేహితుడు ఏ ఆటలో ఉన్నాడో చూపించి, ఆట మూయకుండానే మాట్లాడనిస్తే మురిసిపోయాం. అది 2015లో మూతపడింది. అదే ఏడు అలాంటిదే డిస్కార్డ్ వచ్చింది. అంతవరకూ బాగానే ఉంది.

కానీ యాహూలో ఇన్విజిబుల్ అని ఒకటుండేది. లోపలే ఉంటాం, ఉన్నట్టు ఎవరికీ కనపడం. 2018 జూలైలో మెసెంజర్‌ని మూసినప్పుడు ఆ మర్యాదని కూడా కలిపి పూడ్చినట్టున్నారు. ఎక్స్‌ఎంపీపీ అని మెసేజింగ్‌కి ఒక ప్రోటోకాల్ ఉంది, 2004లోనే ప్రమాణంగా అచ్చయింది. మనం ఆన్‌లైన్లో ఉన్న సంగతి ఇంకొకడు చూడాలంటే వాడు ముందు అడగాలి, మనం ఒప్పుకోవాలి. అంత మర్యాద అప్పుడే తెలుసు. నీకేం తెలుసు? మా ఫోన్ బుక్కులో పేరుంటే చాలు, దండోరా వేసేస్తావు. సెట్టింగుల్లో అయిదు మెట్లు దిగి నిన్ను ఆర్పాను. తర్వాతి అప్‌డేట్‌కి మళ్లీ వెలిగావు. మా ఊరి పైడితల్లమ్మ జాతరలో సిరిమాను అనే పొడవాటి మాను మీద ఊరంతా చూసేలా తిరిగేది పూజారి గారు, అదీ ఏడాదికోసారి, దసరా వెళ్లిన మంగళవారం. నువ్వు నన్ను బనీనుతో రోజూ ఎక్కిస్తున్నావు.

తుపాకీకి కొత్త రంగు కొనుక్కోమని మెసేజింగ్ యాప్‌లోకొచ్చి అడుగుతావు, అదీ మా అన్నయ్య పెట్టిన తద్దినం కబురు కిందే. అది వదిలేస్తాను.

మీ ఇంటి సెన్సారు మాత్రం వదిలేది కాదు. మేం తెలుగుని ఇంగ్లిషు అక్షరాల్లో కొడతాం. "తిట్టకు" అని కొడితే, మొదటి మూడు అక్షరాల్లో దానికి ఇంగ్లిషు బూతు కనిపించింది. మూడు నక్షత్రాలు పెట్టి, మిగిలిన "taku" ముక్క పంపింది. అది చదివి టెక్కలి కుర్రాడు "ఎవర్ని తాకాలన్నా?" అని అడిగాడు. అసలైన తెలుగు బూతులు మాత్రం, అమ్మలూ అక్కలూ సహా, పెళ్లి పల్లకీలా సాగిపోతాయి. ఇంగ్లండులో స్కంథార్ప్ అని ఒక ఊరుంది. పేరులో బూతుందని 1996లో ఆ ఊరివాళ్లని ఏఓఎల్ అనే ఇంటర్నెట్ కంపెనీలో ఖాతాలే తెరవనివ్వలేదు. అప్పటి జబ్బు ఇంకా తగ్గలేదన్నమాట. నాది మాత్రం ఒక్క గంటలో తగ్గించారు.

మా ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు. అత్తగారు ప్రసాదం పంపారు, "జొరానికి మంచిది" అని కబురుతో సహా.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. పెళ్లయిన తొమ్మిదేళ్లలో నేనూ బావమరిదీ మాట్లాడుకున్నది మహా అయితే "బాగున్నావా", "బాగున్నా బావా". ఇప్పుడు రాత్రి పదయితే చుక్క వెలగడం ఆలస్యం, వచ్చి కూర్చుంటాడు. గురి బాగుంది కుర్రాడికి. నేను పడిపోతే తన బ్యాండేజీ నాకిచ్చి లేపుతాడు.

వచ్చే ఆదివారం నేనే అరసవల్లి తీసుకెళ్తున్నాను. నిన్న రాత్రి ఆటలోనే అడిగాడు, "బావా, లైన్లో రెండు గంటలు పడతాది, ఒక మ్యాచ్ వేద్దామా?" అని. "మళ్లీ మీ అక్కచేత తిట్టించకు" అని కొట్టాను. మీవాడు మూడు నక్షత్రాలు పెట్టి పంపాడు. బావమరిది అందులో ఏం చదివాడో ఏమో, "సరే బావా, ఫుల్ ఛార్జింగ్ పెట్టుకుని రా" అన్నాడు.

ఇట్లు,
ప్రస్తుతం ఆన్‌లైన్లో ఉన్నట్టు మీకు కనిపిస్తున్న వాడు